ఎక్స్‌రే, సాల్మియా

వెలుగు పలక మీద నా పై పళ్ళు నాలుగు.
వరస తప్పకుండా నిలబడ్డాయి,
వేర్లు మాత్రం అరిగిన బలపం ముక్కలు.

"క్లిప్పులు ఎప్పుడు వేయించుకున్నారు?"
ఇంటర్ రెండో ఏడు, కావలిలో.
తీగ బిగించిన రాత్రి
పెరుగన్నం కూడా నమలలేక మింగేదాన్ని.
ఎముకలో పన్ను జరుగుతుంటే
వేరు కొస కరుగుతుందని అప్పుడెవరూ చెప్పలేదు;
చెప్పినా వినే వయసా?

"ఊడవు లెండి. ఇంక అరగవు కూడా.
గట్టివి మాత్రం ముందు పళ్ళతో కొరక్కండి."

పదహారేళ్ళుగా ఈ నవ్వుతోనే
అత్తరు కొట్లో సీసాలు అమ్ముతున్నాను.
వేర్లు ఎవరూ అడగలేదు.

సాయంత్రం షరీఫా బీ ఖర్జూరం పెట్టింది.
దవడ పళ్ళ వైపు తోసుకుని
గింజ చుట్టూ నాలుకతో
మెల్లగా, మెల్లగా...
గింజ నున్నగా ఉంది.
దానికీ వేరు లేదు, ఇంకా.