సగం వాటా

దరఖాస్తు పదకొండో పేజీలో
'భూమి విలువ' అని ఒక గడి.
ఓడిల్ పెల్టియే పెన్ను కొరుకుతూ కూర్చుంది.
మదింపుకొచ్చినాయన కలప లెక్క కట్టి వెళ్లాడు:
స్ప్రూస్ ఇంత, మేపుల్ ఇంత,
వాగు మీద పొద్దుటి పొగమంచుకి ఏమీ లేదు.

సగం గ్రాంటు ఇస్తుందట. మిగతా సగం ఊరిదే.
ఫైర్ స్టేషన్‌లో బీన్స్ విందులు పెట్టారు,
ఎవరో మూస్ కొమ్ములు వేలం వేశారు,
బడిపిల్లలు సీసాడు చిల్లర తెచ్చారు.
అందులో ఒక కెనడా నాణెం, ఒక చొక్కా గుండీ.
అన్నీ లెక్కలోకి వచ్చాయి, గుండీ తప్ప.

ఇంకా నాలుగు వేల డాలర్లు తక్కువ.

ఉత్తర మెయిన్‌లో మార్చి అంటే ఇంకా మంచే.
ఊరి సభలో వెనక బల్ల మీంచి లేచాడు లూసియన్ థెరియో.
నలభై ఏళ్లు కాగితం మిల్లుకి
ఆ అడవినే నరికి మోసినవాడు,
ఎడమచేతికి మూడే వేళ్లు.
"రెండుసార్లు బోడిగుండు చేశాను దానికి.
రెండుసార్లూ నన్నడక్కుండానే మొలిచింది.
మూడోసారికి నాకు సిగ్గేస్తుంది."
మొద్దులీడ్చే బండి అమ్మిన చెక్కు బల్ల మీద పెట్టి
టోపీ సర్దుకుని బయటికి పోయాడు.

ఆ రాత్రి ఓడిల్ గడి నింపింది,
అంకెలతోనే, వాళ్లడిగినట్టే.
గుండీని మాత్రం
కవరు అడుగున వేసి అంటించింది.

తపాలా ఖర్చు
కాస్త ఎక్కువైంది.