కుక్క అడుగున్న ఇటుక

వరద తీశాక ములాంజే కొండ ఎప్పటిలాగే నిలబడి ఉంది.
కింద ఉన్నవాళ్లమే
ఉన్నచోట లేము.
మట్టి గోడలు మట్టిలో కలిశాయి.
ఎవరి గడప ఎక్కడుండేదో కోళ్లకు మాత్రం గుర్తు,
అక్కడక్కడే తిరిగేవి.

ఆదివారం ఆరాధన అయ్యాక
మా అబుసా, పాస్టరు కలింబగారు,
పీఠం దిగి చొక్కా చేతులు మడుస్తూ అన్నారు:
"వచ్చే వారం పళ్లెంలో డబ్బులొద్దు, ఇటుకలు వేయండి."
పళ్లెం విరుగుతుందని నేను పైకే అన్నాను.
సంఘం లెక్కలు రాసేవాణ్ణి,
సిమెంటు ధర తెలిసినవాడికి విశ్వాసం కాస్త తక్కువ.

బుధవారం తెల్లారేసరికి
తెల్ల జాకెట్ల స్త్రీల సమాజం ఏటి గట్టున
మోకాలి లోతు బురదలో ఉంది.
కీర్తనకు తాళం ఆ తొక్కుడే.
చెక్క అచ్చులు నాలుగు, ఒకటి వంకర.
ఆ వంకర ఇటుకల్ని ఏ గోడలో ఉన్నా
ఈనాటికీ పోల్చగలను.

మొదటి ఇల్లెవరికి?
చీటీలు వేద్దామన్నారు పెద్దలు.
పొయ్యి రాళ్లు కూడా మిగలనివాళ్లకి ముందు, అంది
వెనక బల్ల మీంచి ఒక ముసలమ్మ.
అలా జియోనే పేరు మొదటి వరసలో రాశాను.
మగడు ఏట్లో పోయాడు. పిల్లలిద్దరు.
ఒక గొడుగు ఉంది, ఊచలే ఎక్కువ.

ఊరికే ఇవ్వొద్దంది ఆమె.
"ఊరికే వచ్చిన కప్పుని ఎవరైనా పీక్కుపోతారు."
సరే, రేకులకీ సిమెంటుకీ మూడు లక్షల క్వాచాలు,
వడ్డీ లేదు,
పండినప్పుడు కొంచెం, పండనప్పుడు రెండు చేతులు.
మొదటి నెల జమ:
ఒక కోడి, నాలుగు రోజుల బురద, మూడు వేలు, కుండెడు కందులు.

ఇటుకలు ఆరబెట్టిన రాత్రి ఏదో కుక్క వాటిమీంచి నడిచిపోయింది.
ఒకదాని మీద నాలుగు వేళ్లు, చిన్న అరికాలు.
బట్టీలో కాలి ఎర్రబడ్డా ఆ అడుగు పోలేదు.
మేస్త్రీ మటెవెరె విసిరేయబోతే
జియోనే చెయ్యి పట్టుకుంది.
లోపలి వైపు పెట్టమంది, పిల్లల కంటికి అందే ఎత్తులో.
"అందరికంటే ముందొచ్చిన చుట్టం," అంది.

డిసెంబరు తొలి వాన తగ్గీ తగ్గకముందే
వెళ్లాం, నేనూ అబుసా.
ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.
"ఇల్లు కురిసిందా?" అన్నాను,
లోపల మేకుల ఖర్చు లెక్కేసుకుంటూ.
"చుక్క పడలేదు. చప్పుడు!
గడ్డి కింద ఉన్నప్పుడు వాన ఒంటిమీద పడ్డాకే తెలిసేది.
తడవకుండా వినడం అలవాటు కావాలిగా.
పిల్లలు ముందు ఏడ్చారు, తర్వాత గెంతారు,
నాకే నిద్ర లేదు."
అబుసా ప్రార్థనకి తల వంచి,
మళ్లీ జోరందుకున్న రేకుల కింద
తన మాట తనకే వినపడక
ఊరుకున్నారు.

వానలు పోయాయి. ఇప్పుడు ఏడో ఇల్లు.
జియోనే ఇంకా రెండు లక్షల పన్నెండు వేలు బాకీ.
ఈ నెల చేతిలో ఏమీ లేదని
పొద్దున్నే వచ్చి బురదలో దిగింది.
కొత్త అచ్చు ఇస్తే తీసుకోలేదు,
వంకరదే కావాలంది.

సాయంత్రం రాశాను:
జియోనే, ఒక రోజు, ఇటుకలు నూట పది.
ఒకదాని మీద కోడి కాలు పడింది.
దాన్ని రాయడానికి నా పుస్తకంలో గడి లేదు.