దెబ్బల లెక్క

మా హావర్‌లో రోడ్డు
ఆరు నెలలు మనుషులది, ఆరు నెలలు చేపలది.
మునగకుండా కట్టడం ఎవరి తరమూ కాదు.
మునిగి, మళ్లీ లేచేలా కట్టాలి.

నా పేరు మయఫుల్. సునామ్‌గంజ్ జిల్లా.
జట్టులో పదకొండుమంది ఆడవాళ్లం.
అందరి చేతుల్లో పారలు, నా చేతిలో ఇనపకడ్డీ,
దాని నెత్తిన ఎనిమిది కిలోల సుత్తి.
ఎత్తి వదలాలి. తొయ్యకూడదు, వదలాలంతే.
కడ్డీ బెత్తెడు దిగేదాకా దెబ్బలు లెక్కపెట్టాలి.
ఎక్కువ దెబ్బలకు ఓర్చింది గట్టి నేల.
మనుషులూ అంతేనంటుంది ఆఫ్‌తారా.
నేనొప్పుకోను.

రెండు చైత్రాల కింద
మేఘాలయ కొండనీళ్లు ఒక్క రాత్రిలో దిగాయి.
కోసిన వరి ట్రాలీలో ఉంది,
ట్రాలీ ఇరుసుదాకా రోడ్డులో ఉంది,
రోడ్డు పెరుగన్నంలా ఉంది.
తొమ్మిదిమందిమి తోశాం.
మూడోనాటికి బస్తాల్లోనే మొలకలొచ్చాయి.
బాతులవాడికి అమ్మాం.
బేరం అతనే ఆడాడు, అతనే ఒప్పుకున్నాడు.

అందుకే ఈసారి పైన ఇటుక కాదు,
అడుగు సంగతి చూడమన్నాం.
బంకమట్టిని తవ్వి, ఎండబెట్టి, గుండచేసి
నూటికి ఐదుపాళ్లు సున్నం కలిపాం.
తాంబూలం నమిలేవాళ్లకి చెప్పాలా సున్నం సంగతి!
తగినంతైతే నోరు పండుతుంది,
చిటికెడు మించితే పొక్కుతుంది.
మట్టికీ ఒక నోరుంది.
తడిపి, తొక్కించి, గోనెపట్టాలు కప్పి
ఏడు రోజులు కాపలా కాశాం
బాలింత గుమ్మంలో కూచున్నట్టు.

గట్ల వాలున వట్టివేళ్ల గడ్డి నాటాం, జానెడుకొక దుబ్బు.
మేం బిన్నా అంటాం.
ఎక్కడో ఆ వేళ్లు కుండలో వేసి
చల్లటి నీళ్లు తాగుతారట.
మాకు నీళ్లు తాగడం కాదు
నీళ్లు రోడ్డును తాగకుండా చూడాలి.

వరద వచ్చింది. రోడ్డు పోయింది.
నాలుగు నెలల తర్వాత పడవలో వెళ్తూ
గడకర్రతో అడుగు తడిమాను.
మెత్తన, మెత్తన,
టక్.
ఉంది.
పడవలో ఎవరికీ చెప్పలేదు.

కార్తీకంలో నీళ్లు తీశాయి.
నాచు, నత్తలు, తెగిన వల ముక్క,
ఎవరిదో ఎడమకాలి చెప్పు. వాటి కింద రోడ్డు.

ట్రాలీ దిగబడ్డ మలుపులో: పదకొండు. అప్పుడు రెండే.
కల్వర్టు దగ్గర: పది.
రేవు ముందు ముప్ఫై అడుగుల మేర: నాలుగు.
అక్కడ పాత చెరువు పూడ్చారు.
కుళ్లిన గుర్రపుడెక్క కలిసిన మట్టి, దానికి సున్నం పట్టదు.
తీసి పారెయ్యాలి.
తియ్యడానికి బిల్లు చాల్లేదు.

ఓవర్సీర్ నిర్మలేందు చెడ్డవాడేం కాదు.
"ఎనిమిదని రాయి ఆపా,
సంతకాలైతే డబ్బొస్తుంది,
డబ్బొస్తే అదీ బాగుచేద్దాం."

సుత్తి మళ్లీ ఎత్తాను. వదిలాను.
ఒకటి.
రెండు.
మూడు.
నాలుగు. బెత్తెడు దిగిపోయింది.

నేను చదివింది ఐదో తరగతి.
నాలుగు రాయడం వచ్చు.
ఎనిమిది రాయడమూ వచ్చు.
నాలుగు రాశాను.

అతను పెన్ను మూత పెట్టి
చాలాసేపు రేవు వైపు చూశాడు.
అటు పొలాల్లో నారుమడి దున్నుతున్నారు,
చైత్రానికి ఐదు నెలలుంది.
కడ్డీ పైకి లాగాను.
కన్నంలో నీళ్లూరాయి.
వేలు పెట్టి చూశాను,
ఇంకా వెచ్చగానే ఉన్నాయి.