మూడో అంశం

ఆదివారం. వేట లేని రోజు.
నడిమిలేశం ఐసు గోడౌను వెనక, వలల పాకలో
మా వలస మత్స్యకారుల సంఘం మీటింగు.
మినిట్సు పుస్తకం నా ఒళ్ళో.
పదో తరగతి తప్పినవాణ్ణి, ఊళ్ళో నాదే మంచి దస్తూరి.

ఒకటి: వేరావల్ సేటు ఎగ్గొట్టిన రెండు నెలల జీతం.
రెండు: ఐసు బాకీ.
మూడోది చదవమంటే గొంతులో ముల్లు పడ్డట్టయింది,
కోనెం ముల్లు కాదు, కవళ్ళ ముల్లు,
కనపడదు, దిగదు.

తాతారావు లేచి నిలబడ్డాడు.
గీత దాటిన బోటులో లోకనాథం పట్టుబడి పదకొండు నెలలు.
అక్కడ తొమ్మిది సీజన్లు ఒకే బోటు, ఒకే గిన్నె, ఒకే దుప్పటి.
ఇక్కడ ఒకే రేకుల గది,
వానొస్తే కారే చోట ఒకే బకెట్టు.
ఊరికి తెలుసు. ఎవరూ మాటెత్తలేదు, అంతే.

శ్రీకాకుళం ఆఫీసులో గుమస్తా అడిగాడట:
"ఆడు నీకేటవుతాడు?"
కాగితం మీద గళ్ళున్నాయి: తండ్రి, తల్లి, భార్య, కొడుకు.
"నేస్తం" అన్నాడట.
ఆ గడి లేదు.
జైలు నుంచి ఉత్తరమొచ్చినా
ఏనాడో ఇంట్లోంచి గెంటేసిన అన్నకే చేరుతుంది.
ఆ అన్న కవరు విప్పడు.

పాకలో ఎవడో కిసుక్కుమన్నాడు.
దాచను, నేను కూడా.

మైలపిల్లి పోలమ్మ,
అదే బోటులో పోయిన ఎర్రయ్య పెళ్ళాం,
వల అల్లే పుల్ల కింద పెట్టింది.
"ఉత్తరం నేక ఎన్నాళ్ళయినాదిరా?"
"పదకొండు నెల్లు."
"నాకూ పదకొండే."
ఐసు మిషను ఆగి, మళ్ళీ మొదలైంది.
"నానెల్తే కుర్సీ ఏసినారు. ఈడిని గుమ్మం కాడే ఆపినారు.
నా మెళ్ళో ఈ పసుపుతాడుందనే గదా?
తాడుదేటుంది, నానితే ఇంకోటి కట్టుకుంటాను.
మనిసిని మార్సగల్నా?"

గరగయ్య, మా ప్రెసిడెంటు, చుట్ట ఆర్పాడు.
"పేరడక్కుండా మదరాసీ అని కేకేసినోళ్ళ మీద
సంఘం కట్టినాం.
మా పేరు రాయండని తిరిగినోళ్ళం,
ఈళ్ళ పేరు రాయొద్దంటావేటి?"

ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఒకడు మా బావ.
ఇరవై ఆరు చేతులు లేచాయి,
కొన్ని వెంటనే, కొన్ని పక్కవాణ్ణి చూసి.
నాది ఎప్పుడు లేచిందో,
చూసేసరికి కలంతో సహా పైనుంది.

రాశాను:
మగవాడూ మగవాడూ, ఆడమనిషీ ఆడమనిషీ
చేసుకున్న పెళ్ళిని
సర్కారు తన పుస్తకంలో ఎక్కించాలని
మా సంఘం కోరుతున్నది.
కింద సంతకాలు, వేలిముద్రలు.
తాతారావు పేరు పక్కన
లోకనాథానికి ఏమవుతాడో రాయాలి.
భర్త అననా, నేస్తం అననా?
కలం అక్కడే ఆగింది, సిరా ఊరింది.
పోలమ్మ తలెత్తకుండానే అంది:
"ఆడి మనిసి. అలగే రాయి."

అలాగే రాశాను. మరక ఉండిపోయింది.
పేజీ చింపి మళ్ళీ రాస్తానంటే
గరగయ్య వద్దన్నాడు.
తరవాత ఐసు బాకీ దగ్గర అందరం కొట్టుకున్నాం,
చీకటి పడేదాకా.