అడిగినది కాదు

సోహార్ రేవులో నా పని
కాగితం మీదున్నదీ పెట్టెలో ఉన్నదీ ఒకటేనా అని చూడటం.
తేడా వస్తే ఎర్రసిరాతో రాస్తాను:
అడిగినది కాదు.
అంతే, సరుకు తిరుగు ఓడ ఎక్కుతుంది.

మా హిమజ అడిగింది కూచిపూడి.
ఒక కాలేజీ నట్టువాంగం ఇస్తానంది,
ఇంకొకటి రంగస్థల దీపాలు, సగం ఫీజుకే.
ఆదివారంలోగా చెప్పాలట.

పదేళ్లు ఆడింది ఆ పిల్ల,
మూడో అంతస్తులో, నాలుగు మడతల దుప్పటి మీద,
గజ్జెలకి నా పాత మేజోళ్లు తొడిగి.
కింది ఫ్లాటు ఉమ్ ఖలీద్ చీపురుకర్రతో కప్పు పొడిస్తే
ఆపేది. మళ్లీ మొదలెట్టేది.
ఇప్పుడు పక్కన కూచుని తాళం వెయ్యమంటే
ఈ కాళ్లనేం చేసుకోను, అంటుంది.

"రాసెయ్ నాన్నా, నీ ఎర్రసిరాతోనే."
పెన్ను తీశాను.

కింద నుంచి టక్, టకటక్.
ఈ రాత్రి ఎవరూ ఆడటం లేదే!
గోడకి మేకు కొడుతోంది కాబోలు ఉమ్ ఖలీద్,
ఒక దెబ్బ ముందు, ఒక దెబ్బ ఆలస్యం.

పెరుగన్నం కలుపుతూ, తలెత్తకుండానే,
ఎడంచేతి చెంచాతో కంచం అంచు మీద
ఆ తప్పిన దెబ్బల్ని ఒక్కొక్కటే పట్టి
సమానికి తెచ్చి దింపింది హిమజ.
బల్ల కింద చెల్లెలి పాదాలు కదిలాయి.

తను గమనించలేదు.
నేను చెప్పలేదు.

రేవులో ఎటూ తేలని పెట్టెని
పక్కకి జరిపి సుద్దతో ఒక గీత గీస్తాం.
పొద్దున, వెలుతురులో,
మళ్లీ విప్పి చూడాలని.