కూడబలుక్కుని

కలమరియా రేవులో దిగినవాళ్ళందరికీ
ముందు తలలు గొరిగారట.
బట్టలు ఆవిరిగదికి వెళ్ళాయి.
పుస్తకాన్ని మాత్రం అమ్మమ్మ మక్రీనా
రొమ్ముకి కట్టుకుని దాచింది.
చదవడం రానిది, పుస్తకం వదలనిది.

బల్ల వెనక గుమాస్తా.
అతని చేతికింద మూడు గళ్ళు:
పేరు, మతం, భాష.

తాష్‌చోగ్లు ప్రొద్రోమోస్, అన్నాడు తాత.
రాళ్ళు చెక్కేవాడి కొడుకని అర్థం.
మతం గడి దగ్గర
గుమాస్తా వేలు చూసి శిలువ గీసుకున్నాడు.
మూడో గడి దగ్గర
అడిగిన మాటే అర్థం కాలేదు.

అప్పుడు అమ్మమ్మ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.
గుమాస్తా మొహం విప్పారింది.
అరే, మన అక్షరాలే!
కొన్నిటి నెత్తిన చుక్కలున్నాయి గానీ
ఆల్ఫా మనదే, బీటా మనదే.
గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

అక్షరం తర్వాత అక్షరం నిక్కచ్చిగా పలికింది.
మాట ఒక్కటీ పలకలేదు.
ఒకటో క్లాసు పిల్లాడిలా
వేలు పెట్టి, చెమటలు పట్టి,
కూడబలుక్కుంటున్నాడు.
మధ్యలో అతని నోటివెంట "అల్లా" అని వచ్చింది.
తలుపు దగ్గర పోలీసు తల తిప్పాడు.

అక్షరం ముక్క రాని అమ్మమ్మ
కళ్ళు మూసుకుని
అతను రాల్చిన ముక్కలన్నీ ఏరి అతికించుకుంటోంది.
పరలోకంలో ఉన్న తండ్రీ.
ఆరు వారాల ప్రయాణం తర్వాత
ఆ ప్రార్థన వినిపించింది,
అదేమిటో తెలియని నోటి నుంచి.

"ఎక్‌మెక్" అన్నాడతను.

నాలుగేళ్ళ మా అమ్మ, గుండు పిల్ల,
బల్ల అంచుమీంచి చెయ్యి చాచింది.
రొట్టె అని దానర్థం.
చదివినవాడికి తెలియదు.
ఆ చేతికేసి చూశాడు, పుస్తకంకేసి చూశాడు,
పుస్తకం మూశాడు.

భాష గడిలో ఓ అడ్డగీత గీశాడు.
తాష్ అంటే రాయి అని వెనక వరసలోంచి ఎవరో చెబితే
పేరు గడిలో పెట్రీదిస్ అని రాశాడు.
అక్కడా రాతి కొడుకే, ఇక్కడా రాతి కొడుకే.
తాత మాత్రం
కొత్త పేరుతో పిలిస్తే చాన్నాళ్ళు పలకలేదట,
పొగరు అనుకున్నారు.

వాళ్ళ మాటే మాట్లాడుతూ అక్కడ గావూర్లం.
వీళ్ళ దేవుడికే మొక్కుతూ ఇక్కడ తుర్కు విత్తనాలం.
ఇదేదీ అమ్మ చెప్పింది కాదు.
అమ్మ ఏదీ చెప్పేది కాదు.
బళ్ళో తన నాలుక మీద ఎండుమిరపకాయ పెట్టిన రోజు గురించి
వంకాయలు వేయిస్తూ ఒక్కసారి అంది,
అదీ పొయ్యి వైపు తిరిగి.
ఆమె నుంచి మాకు దక్కిన తుర్కీ మాట ఒక్కటే:
సుస్.
నోరు మూసుకో, అని.

నేను ముప్పై ఏళ్ళు మందులషాపు నడిపాను.
డాక్టర్ల గిలుకుడు రాత
కళ్ళజోడు లేకుండా చదివినదాన్ని.
ఈ పుస్తకం అచ్చు ముత్యాల్లాంటిది,
ఎక్కడా తడబడను,
ఎక్కడా ఏమీ తెలియదు.
ఎవరి మనవరాలినో నాకు తెలుసు గానీ
నా గొంతు మాత్రం ఆ గుమాస్తాది.

మీరు అసలు ఎవరు అని ఎవరైనా అడిగితే
ఇప్పటికీ నాకు ముందు ఆకలేస్తుంది.

అమ్మమ్మ రాయిని తాతే చెక్కాడు.
ఆఖరి వరస తీసెయ్యమన్నారు ఫాదరు గారు.
తియ్యలేదు, సున్నంతో పూడ్చాడు.
వానలకి సున్నం కరిగిపోతోంది.
స్మశానానికొచ్చే పిల్లలు
వేలు పెట్టి చదివి, నవ్వి, వెళ్ళిపోతారు.

ఆదివారాలు అక్కడ కూర్చుని పైకి చదువుతాను.
పక్కనే అమ్మ రాయి,
దాని మీద అంతా మంచి గ్రీకు.
అర్థమయ్యేవాళ్ళందరూ కిందే ఉన్నారు.
తప్పు పలికితే దిద్దేవాళ్ళు లేరు.

సంచిలో రొట్టె పెట్టుకునే వెళ్తాను.
ఆ మాట దగ్గరికి వచ్చాక
కాసేపు ఆగుతాను.