మోకాళ్ల నూనె

శుక్రవారం పొద్దున. అల్ ఖూజ్ క్యాంపు మిద్దె మీద
నీళ్ల ట్యాంకు నీడల
అట్టముక్క పరుచుకొని కూసున్న.
"ముక్కు కొన మీద ఊపిరిని చూడు, అంతే"
అంటడు వంటలు చేసే ఉపాలి,
వచ్చీరాని హిందీల.

ఒక ఊపిరి. రెండు.
మూడోదాంట్ల దూరింది
మోకాళ్ల నూనె ప్రకటన పాట.
నాకు మోకాళ్ల నొప్పి కూడ లేదు!
ఏసీ డబ్బాలు దానికి దరువేస్తున్నయి.
తరిమిన. చరణం మార్చుకొని వచ్చింది.
పళ్లు బిగవట్టిన. పళ్ల మీదనే తాళం.
అమ్మ గొంతు సరిగ్గ యాదికి రాదు,
సీసా ధర మాత్రం రాగంతోటి.

ఉపాలి కండ్లు తెరవకుండనే నవ్విండు:
"నాకు పందొమ్మిదేండ్ల సంది ఒక బిస్కెట్ పాట.
తరమకు. పాడకు.
వచ్చిందని ఎరుకైతే చాలు."

వచ్చింది, అనుకున్న.
సీసా, ధర, ఆ ఆడమనిషి గొంతు
ఒక్కొక్కటే ఊడిపోయి
ఉత్త దరువు మిగిలింది,
దరువు కింద ఊపిరి.
ఎంతసేపో తెల్వదు.
ఎండ మోకాలి మీదికొచ్చింది.

తెల్లారి సైటు బస్సుల
పక్కసీటు పూర్ణబహదూర్,
తెలుగు ఒక్క ముక్క రానోడు,
అద్దానికి తలానిచ్చి సన్నగ ఈలేస్తుండు.
అదే. మధ్యల కొంచెం తప్పు.

దిద్దబోయి
నోరు మూసుకున్న.